ముందు కుడి చక్రం

ఈ కథలోకి ఈ వారమే అడుగుపెట్టినవారికి నాలుగు మాటలు చెప్పి ముందుకు వెళ్తాను. నా భార్య పోయి ఏడు నెలలైంది. ఆమె ఇళ్లకు వెళ్లి మంచం పట్టినవారిని చూసుకునే నర్సు. కారు ఆమెది. నడిపేది ఆమె, పక్క సీట్లో కూర్చునేది నేను. పోయిన మంగళవారం ఆమె పేరు మీద ఒక ఉత్తరం వచ్చింది. కొండ మీది ఊళ్లో ఒక పెద్దావిడ ఇంట్లో పనిచేసే మనిషి రాసింది. నర్సమ్మగారు కనబడి చాలా నెలలైందని, ఆమె చేతిసంచీ తమ దగ్గరే ఉందని, పెద్దావిడను సోమవారం వేరేచోటికి మారుస్తున్నారు గనుక ఈలోగా వచ్చి తీసుకోవాలని.

ఆ సంచీ కోసం ఏడు నెలలుగా నేను ఇల్లంతా వెతికాను. అందులో ఆమె నోటుపుస్తకం ఉంటుంది. సాయంత్రం ఇంటికి వచ్చాక, కారు దిగకముందే, స్టీరింగు మీద ఆనించి రెండు మూడు వాక్యాలు రాసుకునేది. ఏం రాసేదో నేను అడగలేదు. ఇంట్లో ఆమె దస్తూరీ ఉన్నవి ఇప్పుడు డబ్బాల మీది చీటీలే. వాటిని చదివీ చదివీ కంఠతా వచ్చేశాయి.

ఆదివారం బయల్దేరదామనుకున్నాను. నాకు లైసెన్సు వచ్చి నెలే అయినా నేనే నడపాలని, కారుకు కొత్త బ్యాటరీ వేయించాను. నిలబడి నిలబడి ముందు కుడి చక్రంలో గాలి దిగిపోతే, విప్పి టైర్ల షాపుకు తీసుకెళ్దామని పానా పెట్టాను. నాలుగు నట్లలో ఒకటి, అది పట్టే బోల్టులాంటి స్టడ్డుతో సహా తెగి నా చేతిలోకి వచ్చింది. రెండోది ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంది, ఊడి రాలేదు. ఇక చేసేది లేక నా బావమరిదికి ఫోను చేశాను. ఏడు నెలలుగా మా ఇంటి గడప తొక్కని మనిషి. కొత్తగా నడిపేవాడికి పక్కన ఒక మనిషి ఉండాలన్నాడు. ఏ ఊరో చెప్పేసరికి "వస్తాను" అని పెట్టేశాడు. పోయిన వారం మనం అక్కడ ఆగాం.

శనివారం పొద్దున్న తొమ్మిదింటికి అతను వచ్చాడు.

అక్క పెట్టిన ముద్దుపేరు చంటి. నలభై రెండేళ్లు, నెరిసిన మీసం, ఇనుము చెక్కే లేతు మిషను మీద ఇరవై ఏళ్లు పనిచేసి చేతివేళ్లకు పడిన మచ్చలు. అయినా అందరికీ చంటే. గుడ్డసంచీ భుజాన వేసుకుని తిన్నగా రేకుల షెడ్డులోకి వెళ్లి కారు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఇంట్లోకి రా, చంటీ. టీ పెడతాను."

"పని చూద్దాం బావా. జాకీ ఎక్కడుంది?"

ఎదురుగా ఉన్న జాకీని చూపించాను. అతను దాన్ని తాకలేదు. "ఎత్తేముందు విప్పగలిగినవి విప్పాలి. గాల్లో ఉంటే చక్రం తిరిగిపోతుంది. నీ బళ్లో ఇది చెప్పరా?"

"మా బళ్లో చక్రం చుట్టుకొలత వరకే."

నవ్వలేదు. వెనక చక్రాలకు అడ్డంగా రెండు ఇటుకలు పెట్టి, మిగిలిన నట్లలో ఒకదానికి పానా తొడిగి ఒక ఊపు ఊపాడు. కదల్లేదు. బూటుకాలితో తన్నాడు. కదల్లేదు. షెడ్డు మూలనున్న మూరెడు ఇనపగొట్టం పానాకు తొడిగి ఇద్దరం కలిసి లాగితే, పాత తలుపు కిర్రుమన్నట్టు మూలిగి సడలింది. రెండోది ఇంకా మొండికేసింది. అది వదిలేసరికి చంటి చొక్కా వీపున తడిసిపోయింది. అతను అరచెయ్యి చూసుకున్నాడు.

"ఇది ఎవరు బిగించారు?"

"నేనే."

"నువ్వు బిగిస్తే ఇంత బిగువు వస్తుందా? చాక్‌పీసు తప్ప ఏదీ పట్టుకోని చెయ్యి అది."

"చేత్తో కాదు. మీ అక్క పానా పెట్టేది, నేను దానికి ఈ గొట్టం తొడిగి పైకెక్కి నిలబడేవాణ్ణి."

"పైకెక్కి?"

"రెండుసార్లు ఊగేవాణ్ణి కూడా."

చంటి నా వంక చూశాడు. నేను బక్కమనిషిని కాదు. అతని మీసం ముందు కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి. నేల మీద కూలబడి, ఇనపగొట్టం ఒళ్లో పెట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. అక్క పోయాక అతను నవ్వగా చూడటం అదే. అయితే ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది. గొట్టం పక్కన పెట్టి, ముఖం మోచేత్తో తుడుచుకుని, జాకీ అందుకున్నాడు.

ఊరికే తిరుగుతున్న నట్టును ఉలి పెట్టి చీల్చాల్సి వచ్చింది. ఆ దెబ్బలకు పైఇంటి పిన్నిగారు మెట్ల మీదికి వచ్చారు.

"మాస్టారూ, కారు బాగుచేస్తున్నారా, పగలగొడుతున్నారా?"

"రెండూనండీ" అన్నాడు చంటి తలెత్తకుండా.

"వీడు తమ్ముడు కదూ. అదే ముక్కు." ఆవిడ రెండు మెట్లు దిగారు. "మీ అక్క సూది వేస్తే వేసినట్టే తెలిసేది కాదు బాబూ. ఇప్పుడొచ్చే పిల్ల పొడిస్తే రెండురోజులు పక్కకి ఒత్తిగిలలేకపోతున్నా. ఇంతకీ ఎందుకింత అవస్థ, అద్దెకారులో వెళ్లి రావచ్చు కదా?"

"వెళ్లొచ్చు పిన్నిగారూ" అన్నాను.

అంతకంటే ఏం చెప్పను. ఆమె పదిహేను రోజులకోసారి, గురువారంనాడు ఆ కొండ ఎక్కి దిగింది. నేను బడిలో ఉండేవాణ్ణి. ఆ మలుపులు నాకు తెలియవు. ఆమె చూసిన దారిని ఆమె సీట్లో కూర్చుని, ఆమె పట్టుకున్న స్టీరింగు పట్టుకుని ఒక్కసారి చూడాలి. అద్దెకారు నన్ను ఊరికి చేరుస్తుంది, నాకు కావలసింది ఊరొక్కటే కాదు. ఈ సంగతి పిన్నిగారికీ చంటికీ చెప్పేది కాదు.

చక్రం ఊడదీశాం. కారు కింద ఒక ఇనప స్టాండు ఆనించాక చంటి బ్రేకు పట్టును విప్పి, దాని రబ్బరు గొట్టం మీద బరువు పడకుండా తీగతో పైనున్న స్ప్రింగుకు కట్టాడు. డిస్కు తీశాక లోపల హబ్బు బయటపడింది. అరచేతి వెడల్పు ఇనపబిళ్ల. దాన్నుంచి స్టడ్లు వేళ్లలా ముందుకు పొడుచుకుని ఉన్నాయి. వాటిని వెనకనుంచి దూర్చి బిగిస్తారని నాకు అప్పుడే తెలిసింది. ఇన్నేళ్లూ అవి కారుతో పాటే మొలిచాయనుకున్నాను.

"నాలుగూ మార్చేద్దాం" అన్నాడు.

"చెడ్డవి రెండేగా?"

జవాబుగా, బాగానే ఉందని నేననుకున్న స్టడ్డు మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. అది వెనక్కి జారి పడింది. దాన్ని గుడ్డతో తుడిచి, సంచీలోంచి కొత్తది తీసి, రెండింటినీ పక్కపక్కన ఆనించి నా కళ్ల ముందు పట్టుకున్నాడు. రెండు దువ్వెనల పళ్లు ఒకదాన్లో ఒకటి దిగినట్టు మరలు కలిశాయి.

"ఇక్కడిదాకా పన్నులో పన్ను కూర్చుంది. ఇక్కణ్ణించి చూడు."

చూశాను. నాలుగో మర దగ్గర సన్నటి వెలుగు కనబడింది. అయిదో మర అయిదో సందులో లేదు. చివరకు వచ్చేసరికి పన్ను మీద పన్ను ఎక్కి కూర్చుంది.

"ఇనుము సాగింది బావా. నువ్వెక్కి ఊగితే సాగదా మరి. పైకి బానే ఉంటుంది, బిగువుగానే ఉంటుంది. ఏదో ఒకరోజు దారిలో టప్పున తెగుతుంది. ఒకటి తెగితే దాని బరువు పక్కదాని మీద పడుతుంది." కొత్తదాన్ని సంచీలో వేశాడు. "చక్రం ఊడకూడదని బిగించావు. ఊడే దారికి తెచ్చావు."

నేను షెడ్డు స్తంభానికి చేరగిలబడ్డాను. పెళ్లయి పందొమ్మిదేళ్లు. ఎన్ని పంచర్లు, ఎన్నిసార్లు టైర్లు మార్చడం. ప్రతిసారీ ఆమె "ఎక్కండి మాస్టారూ" అనేది. నేను ఎక్కేవాణ్ణి. "చాలు" అనేది. "ఇంకొంచెం" అని మళ్లీ ఊగేవాణ్ణి. ఆ మలుపుల్లో, వర్షంలో, ఒంటరిగా వెళ్లే మనిషి కోసం నేను చేయగలిగిన పని అదొక్కటే అనిపించేది.

"అయితే ఇన్నేళ్లూ మీ అక్క ఇలాంటి చక్రాల మీదే తిరిగిందా?"

చంటి పాత స్టడ్డును గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు. ఇక తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

"చంటీ. అడుగుతున్నాను."

"లేదు."

"లేదంటే?"

"నువ్వు బిగించిన ప్రతిసారీ మర్నాడు డ్యూటీకి వెళ్తూ మా షాపుకొచ్చేది. నాలుగు నట్లూ సడలించి, సాగిన స్టడ్డుంటే మార్చి, దీంతో మళ్లీ తనే బిగించుకునేది." సంచీలోంచి పొడుగు పిడి ఉన్న పానా ఒకటి తీశాడు. పిడి మీద అంకెలు చెక్కి ఉన్నాయి. "టార్కు పానా అంటారు. ఎంత బిగువు కావాలో అంత పెడితే, అక్కడికి రాగానే టిక్కుమంటుంది. నేను చేస్తానన్నా ముట్టుకోనిచ్చేది కాదు."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"నేనూ అదే అడిగాను. 'ఆయన దాని మీద ఎక్కి దిగితేగాని ఆ రాత్రి నిద్రపోరురా. నాకు పావుగంట పని, ఆయనకి రాత్రంతా నిద్ర. నువ్వు నోరు మూసుకో' అంది."

అతను ఆమె మాట చెబుతున్నప్పుడు గొంతు మార్చలేదు. అయినా ఆ 'నోరు మూసుకో' ఆమెదే. చివర కొంచెం లాగి, నవ్వు ఆపుకుంటూ అనేది. ఏడు నెలలుగా నాకు ఆమె కొత్త మాట ఒక్కటీ దొరకలేదు. ఉన్నవాటినే తిరగేసుకుంటున్నాను. ఇప్పుడు ఒకటి దొరికింది. దాన్ని పట్టుకుని ఎటూ కదలాలనిపించలేదు.

"మరి ఈ చక్రం?" అన్నాను చివరకు.

"ఈ చక్రం ఎప్పుడు మార్చారు?"

అప్పుడు లెక్క కుదిరింది. ఆ ఆఖరి గురువారం కొండ దిగి వస్తుంటే పంచరై గాలి సన్నగా దిగుతోందని మెల్లగా ఇంటిదాకా తెచ్చింది. సాయంత్రం స్టెప్నీ వేశాం. నేను ఎక్కాను. శుక్రవారం తెల్లారేసరికి ఆమెకు జ్వరం. చంటి షాపుకు వెళ్లలేదు. ఆ తర్వాత ఎక్కడికీ వెళ్లలేదు.

"మిగతా మూడు చక్రాలూ...?"

"అక్క బిగించినవే. నమ్మకం లేకపోతే చూసుకో."

వెనక చక్రం దగ్గరికి వెళ్లి, గొట్టం లేకుండా, మామూలు పానాతో ఒక నట్టును తిప్పాను. ముందుచక్రం మీద చేసినట్టే బలం పెట్టాను గనుక తూలి పడబోయాను. అది ఒక చేత్తో, ఏ మూలుగూ లేకుండా వచ్చేసింది. కావలసినంత బిగువు, అంతే. ఆ క్షణంలో తెలిసింది ఏం చేశానో. ఆమె చెయ్యి ఆఖరున ఆపినచోట ఉన్నవి పన్నెండు నట్లు. ఇప్పుడు పదకొండు.

చంటి టార్కు పానా పట్టుకుని వచ్చాడు.

"మిగతావి కదపకు" అన్నాను.

"చూడాలి బావా. ఏడు నెలలు ఆగిన బండి."

"వద్దన్నాను కదా."

"అక్క అయితే చూడకుండా బయల్దేరేదా?"

పక్కకు తప్పుకున్నాను. అతను ఒక్కొక్క నట్టు మీద పానా పెట్టి నెమ్మదిగా ఒత్తాడు. టిక్కు. నట్టు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. మళ్లీ టిక్కు. నేను ప్రతి నట్టునూ వంగి చూశాను. పదకొండూ ఆమె వదిలినచోటే ఉన్నాయి. పన్నెండోది నన్నే బిగించమన్నాడు. బిగించాను. చూడటానికి తక్కినవాటిలాగే ఉంది.

కొత్త స్టడ్లు ఎక్కించడం కూడా నాచేతే చేయించాడు. హబ్బు వెనక స్టడ్డు దూర్చడానికి చోటున్న వైపు ఒకటే ఉంది. ఒక్కో బెజ్జాన్నీ అక్కడికి తిప్పి, స్టడ్డు మెడమీది గాట్లు బెజ్జంలోని గాట్లలో కూర్చునేదాకా వేళ్లతో తడుముకోవాలి. ముందువైపు అయిదారు వాషర్లు తొడిగి, ఒక పాత నట్టును చదునుగా ఉన్న వైపు లోపలికి పెట్టి తిప్పుతూ పోతే, స్టడ్డు వెనకనుంచి కొద్దికొద్దిగా లోపలికి లాక్కుని వస్తుంది. మొదట తేలిగ్గా, తర్వాత బరువుగా, ఆ తర్వాత గట్టిగా.

"ఆపు" అన్నాడు చంటి. టార్చి వేసి వెనక చూశాడు. "తలకాయ హబ్బుకి ఆనింది. సందు లేదు. చాలు."

"ఇంకొంచెం..."

"ఆ ఇంకొంచెమే బావా నీ జబ్బు."

ఇద్దరం ఒకేసారి నవ్వాం. తర్వాతి మూడు స్టడ్లకూ అతను చెప్పకముందే ఆపాను.

డిస్కు, బ్రేకు, చక్రం వెనక్కి వెళ్లాయి. కాలిపంపుతో గాలి కొట్టి అరగంట చూస్తే గాలి నిలిచింది. నట్లు ఎదురెదురుగా ఒకటొకటి వేళ్లతో పట్టించి, కారు దించి, టార్కు పానాతో బిగించాను. నాలుగో నట్టు టిక్కుమనేసరికి మధ్యాహ్నం రెండు గంటలైంది. నా కాళ్లు పిడి మీదికి ఎక్కాలని ఇంకా తహతహలాడుతూనే ఉన్నాయి.

నీళ్లకుళాయి దగ్గర ఇద్దరం చేతులు కడుక్కున్నాం. చంటి సామాను సర్దుతూ టార్కు పానాను మాత్రం గుడ్డలో చుట్టి నా చేతికిచ్చాడు.

"ఓ యాభై అరవై కిలోమీటర్లు వెళ్లాక ఆపి, ఈ నాలుగూ మళ్లీ చూడు. కొత్తవి కదా, సర్దుకుంటాయి."

"నువ్వు వస్తున్నావుగా. నువ్వే చూద్దువుగాని."

"నేను రాను."

"నేను ఒక్కణ్ణే ఎలా నడుపుతాను? కొండదారి. పక్కన ఒక మనిషి ఉండాలన్నది నువ్వే."

"ఫోన్లో నువ్వు ఏ ఊరో చెప్పకముందు అన్నాను."

అతను గుడ్డసంచీ నాడా ముడివేస్తున్నాడు, విప్పుతున్నాడు. పొద్దుటినుంచి ఆ చేతులు ఒక్కసారి కూడా తడబడలేదు.

"చంటీ, మీ అక్క ఇంకేమైనా నాతో చెప్పొద్దందా?"

అతను సంచీ కింద పెట్టి, "ఉత్తరం చూపించు" అన్నాడు.

జేబులోంచి తీసి ఇచ్చాను. తడిచేతులు ప్యాంటుకు తుడుచుకుని చదివాడు. రెండుసార్లు చదివాడు.

"సంచీ అక్కడ మర్చిపోయిందనుకుంటున్నావు కదూ."

"కాదా?"

"అక్క ఏదైనా మర్చిపోగా ఎప్పుడైనా చూశావా? వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి అక్కడ పెట్టి రావాలి. శాలువా, కళ్లజోడు, గొడుగు. వచ్చేసారి అది తీసుకుని ఇంకోటి పెట్టాలి. అలా పెడితేగాని ఆవిడ బయల్దేరనిచ్చేది కాదు. ఏదీ పెట్టకుండా వెళ్లినవాళ్లు తిరిగి రారని ఆవిడ నమ్మకం. ఒకప్పుడు ఆవిడే అలా వెళ్లిపోయింది మరి."

"ఎవరావిడ?"

చంటి ఉత్తరాన్ని ఉన్న మడతల మీదే మడిచాడు.

"మా అమ్మ."

పెళ్లికి ముందు మామగారు నాతో చెప్పిన మొదటి సంగతే అది. పిల్లల చిన్నతనంలోనే వాళ్లమ్మ చనిపోయిందని, ఆడదిక్కు లేని ఇల్లని. నా భార్య నాతో ఎప్పుడూ ఆ మాట కాదనలేదు. అమ్మ గురించి ఎవరైనా అడిగితే లేచి వంటింట్లోకి వెళ్లేది. అది దుఃఖమనుకుని నేను అడగడం మానేశాను.

"ఆవిడ ఇల్లు వదిలి వెళ్లిపోతే నాన్న అలా చెప్పమన్నాడు. చెప్పాం. చెప్పీ చెప్పీ మాకూ అలవాటైపోయింది" అన్నాడు చంటి. "ఆరేళ్ల కిందట అక్క ఎవరికో మందులివ్వడానికి ఆ ఊరు వెళ్లి ఆవిణ్ణి చూసింది. నన్నూ ఒకసారి తీసుకెళ్లింది. నేను గేటు దగ్గర కార్లోనే కూర్చున్నాను. దిగలేదు. ఏడు నెలలు నీ గడప తొక్కనిది ఇందుకే బావా. నువ్వు ఒక్క మాట అడిగితే మొత్తం చెప్పేస్తానని భయం."

"ఆవిడకు... మీ అక్క సంగతి?"

"తెలీదు. చెబుదామని రోజూ ఫోను తీస్తాను, పెట్టేస్తాను. అక్క రాకుండా, ఆ సంచీ తీసుకోకుండా ఇల్లు కదలనని కూర్చుందట. అక్క ఎప్పుడో ఇచ్చిన నా నంబరుకి పనావిడ మొన్న ఫోను చేసి చెప్పింది, ఆవిడతోనూ అక్క సంగతి అనలేకపోయాను. ఈ ఉత్తరం పెద్దావిడ చెప్పి రాయించిందే."

నేను కారు వంక చూశాను. నాలుగు చక్రాల మీద సమంగా, ఎక్కడికైనా వెళ్లడానికి సిద్ధంగా ఉంది.

"అద్దెకారులో వెళ్లు బావా" అన్నాడు చంటి. "ఆవిడకి చూపు ఆనదు. గురువారం పొద్దున్నించీ ఆ గుమ్మంలోనే కూర్చుని, ఎన్ని బళ్లు పోతున్నా ఊరుకుని, ఈ కారు మలుపు తిరిగిన చప్పుడు వినగానే లేచి నిలబడేదట. రేపు కూడా లేచి నిలబడుతుంది. తలుపు తీసుకుని దిగేది అక్కే అనుకుంటుంది."